ఆ డ్రైవ్ ఎవడు కొన్నాడు?

జాబ్ సైజు తప్పింది. సూపర్‌వైజర్ ఉరుక్కుంటూ వచ్చి ఆపరేటర్ మీద విరుచుకుపడతాడు. ఐటీఐ చదివి, షిఫ్టంతా నిలబడి కాళ్లు వాచిన కుర్రాడు మైక్రోమీటర్ చేత్తో పట్టుకుని తల దించుకుంటాడు. రిజెక్షన్ రిజిస్టర్లో అతని పేరెక్కుతుంది. జీడిమెట్లలో, బాలానగర్లో, విజయవాడ ఆటోనగర్లో ఈ తంతు ఎన్ని షెడ్లలో చూశానో! ప్యానెల్ తలుపు బార్లా తీసి, చెయ్యి పెట్టలేనంత వేడిలో ఉడుకుతున్న సర్వో యాంప్లిఫయర్ని చూపించి, "దీన్ని ఎవడు కొన్నాడు?" అని అడిగిన యజమానిని మాత్రం ఒక్కణ్ణీ చూడలేదు.

అడగరు. అడిగితే జవాబు తమ సంతకం దగ్గరికే వస్తుంది.

మన షాపుల్లో అందరూ డ్రైవ్ అనే ఈ పెట్టె ఏం చేస్తుందో తెలియకుండానే లక్షల చెక్కులు రాసేవాళ్లున్నారు. కాబట్టి చెబుతున్నాను. కంట్రోలర్ "ఇక్కడికి వెళ్లు" అంటుంది. మోటారుకి ఆ మాట అర్థం కాదు, దానికి తెలిసింది కరెంటు ఒక్కటే. ఆ రెంటి మధ్యా కూర్చుని, ఉండాల్సిన చోటుతో ఎన్‌కోడర్ చూపించే చోటుని పోల్చి, ఎంత కరెంటు వదలాలో తేల్చేది డ్రైవ్. స్థానానికొక లూప్, వేగానికొక లూప్, అన్నిటికంటే లోపల కరెంటుకొక లూప్. కరెంటు లూప్ 16 కిలోహెర్ట్జ్ మీద నడిస్తే ప్రతి 62.5 మైక్రోసెకన్లకూ ఒక నిర్ణయం. ఆ నిర్ణయంలో బద్ధకం ఉంటే మీరు ఎంత మంచి బాల్‌స్క్రూ వేసినా, ఎంత గట్టి కాస్టింగ్ కొన్నా దండగే. గుండ్రటి జాబ్ కోసి చూడండి. అక్షం దిక్కు మార్చుకునే నాలుగు చోట్లా రాపిడిని దాటలేక డ్రైవ్ తడబడితే అక్కడ గాటు పడుతుంది. బాల్‌బార్ టెస్టు గ్రాఫులో నాలుగు ముళ్లు లేస్తాయి. ఆపరేటర్ని ఎంత తిట్టినా ఆ ముళ్లు పడుకోవు.

ఇలాంటి వస్తువుని మనం ఎలా కొంటున్నాం? మూడు కొటేషన్లు. కిలోవాట్లు కలిశాయి, వోల్టేజీ కలిసింది, ధర ఎవరిది తక్కువ? ఎల్-1. సంతకం. ఆ సంతకం పెట్టి లేచిపోయే పర్చేజు పెద్దమనిషి ఆ మెషీన్ పక్కన ఒక్క షిఫ్టు నిలబడడు. "లోపల అన్నీ ఒకటేనండీ" అంటాడు. పచ్చి అబద్ధం. అన్నీ ఒకటే అని నిజంగా నమ్మితే, ఆఫీసు ముందుగదికి పాలరాయి పరిచేటప్పుడూ, ప్రారంభోత్సవానికి మంత్రిగారికి గజమాల కట్టించేటప్పుడూ ఆ ఎల్-1 సూత్రం ఎక్కడికి పోయింది? నలుగురు చూసేచోట నాణ్యత కావాలి. పని జరిగేచోట చౌక కావాలి. మన పరిశ్రమకి పట్టిన చీడ ఇదే.

ఇక అమ్మేవాళ్ల సంగతి. బ్రోషర్ మొదటి పేజీలో 24 బిట్ ఎన్‌కోడర్ అని పెద్దక్షరాలు. అంటే చుట్టుకి 1,67,77,216 భాగాలు. చుట్టుకి 10 మిల్లీమీటర్లు జరిపే స్క్రూ మీద ఒక్కో భాగం సుమారు 0.6 నానోమీటర్, అంటే రెండు మూడు ఇనుప పరమాణువుల వెడల్పు. వినగానే నోరెళ్లబెడతాం. ఆ స్క్రూ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. సీ5 గ్రేడు బాల్‌స్క్రూలో 300 మిల్లీమీటర్ల పొడవున 18 మైక్రాన్ల దాకా తేడా ఉండొచ్చని ప్రమాణమే ఒప్పుకుంటుంది. 18 మైక్రాన్లంటే 18,000 నానోమీటర్లు. మీటరు పొడవు ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే 11, 12 మైక్రాన్లు సాగుతుంది. పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి స్క్రూ అయిదు డిగ్రీలెక్కిందా, మీ టాలరెన్సు అక్కడే హరించుకుపోయింది. సన్నగా చదవడం వేరు, సరిగ్గా నిలవడం వేరు. పరమాణువుల లెక్క చెప్పి అమ్మేవాణ్ణి ఒక్క మాట అడగండి: బల్లకి గాజు స్కేలు బిగిస్తే దాని ఫీడ్‌బ్యాక్‌ని నీ డ్రైవ్ నేరుగా తీసుకుంటుందా? చాలామంది మొహం తిప్పుకుంటారు.

వేగపు లూప్ 3.2 కిలోహెర్ట్జ్ అన్న అంకె కూడా అంతే. లోడు జడత్వం మోటారు జడత్వంతో సమానమైనప్పుడు అన్న షరతు ఎక్కడో అడుగున సన్నక్షరాల్లో ఉంటుంది. మీ మెషీన్లో కప్లింగ్ ఉంది, బెల్టుంది, పొడుగాటి స్క్రూ ఉంది. గెయిన్ కాస్త పెంచగానే అక్షం కీచుమంటుంది. ఆ మోతని నాచ్ ఫిల్టర్‌తో ఎలా అణచాలో మీ షెడ్డుకొచ్చి చూపించలేని కంపెనీకి 3.2 అన్న అంకెను ముద్రించే అర్హత లేదు.

అసలు నేరం వేడి దగ్గర జరుగుతోంది. కరెంటు రేటింగు పక్కన ఒక ఉష్ణోగ్రత రాసి ఉంటుంది, ఒకచోట 40 డిగ్రీలు, ఇంకోచోట 50, మరోచోట 55. ఆ గీత దాటితే కరెంటు తగ్గించుకోవాలి. అది ప్యానెల్ లోపల డ్రైవ్ పీల్చే గాలి లెక్క. మన రామగుండంలో, విజయవాడలో మే నెలలో నీడలోనే 45 తాకే రోజులున్నాయి. దానికి తోడు రేకుల షెడ్డు, మూసిన ప్యానెల్, దుమ్ము పట్టి ఆగిపోయిన ఫ్యాను, పక్కనే కాలుతున్న బ్రేకింగ్ రెసిస్టర్. లోపల ఎంతుందో థర్మామీటర్ పెట్టి మీరే చూడండి. డీసీ బస్ మీద ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు 10 డిగ్రీలు పెరిగితే సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ చదివిన ప్రతివాడూ నేర్చుకునే లెక్క. 20 పెరిగితే పావే మిగులుతుంది. 105 డిగ్రీల కెపాసిటర్ వేయాల్సినచోట 85 డిగ్రీలది వేసి, హీట్‌సింక్ పలచన చేసి, బయట రేటింగు అంకెని మాత్రం అలాగే ఉంచేవాడు తయారీదారు కాదు, దొంగ. వాడి డ్రైవ్ వేసవిలో ఓవర్‌లోడ్ అలారం కొడుతుంది. అప్పుడు ఆపరేటర్‌కి అందే ఆజ్ఞ ఒక్కటే: రీసెట్ కొట్టి నడుపు!

మెయింటెనెన్స్ ఇంజనీర్లకు ఇదంతా తెలుసు. టీకొట్టు దగ్గర గంటలకొద్దీ చెబుతారు. మీటింగులో నోరు విప్పరు. అయ్యా, మీ మౌనానికి కూడా ఆ కుర్రాడే మూల్యం కడుతున్నాడు.

ఇక స్టిక్కర్ వీరులు. సొంత తయారీ అంటూ ఒక సంస్థ మాకు అంటగట్టిన డ్రైవ్ మీద లేబుల్ గీరితే కింద ఇంకో లేబుల్ దొరికింది. అది పాడైనప్పుడు మరమ్మతుకి పంపితే, నెలల తరబడి తిప్పించుకుని, బోర్డు దొరకడం లేదని తిప్పి పంపారు. దొరకదు మరి, వాళ్లు ఆ బోర్డుని గీయలేదు, ఆ ఫర్మ్‌వేర్ రాయలేదు. డబ్బా మీద జెండా రంగులు పులిమితే స్వదేశీ అయిపోదు. కరెంటు లూప్ రాసిన ఇంజనీరు ఆ కంపెనీలో ఉన్నాడా? తప్పు దొరికితే ఫర్మ్‌వేర్ సరిచేసి ఇవ్వగలడా? లేడంటే మీ ముందున్నది వర్తకుడు. ఆ మాటే వాడి మొహం మీద అనండి.

జపాన్ పేరు చూసి కళ్లు మూసుకుని కొనేవాడూ, చైనా అనగానే ముక్కు మూసుకునేవాడూ నా దృష్టిలో ఒకటే. ఇద్దరూ కేటలాగు చదవరు. యాస్కావా 1915 నాటి కంపెనీయే, అయినా సైజు తక్కువది తెచ్చి నిలువు అక్షానికి బిగిస్తే అదీ ట్రిప్పవుతుంది. ఇనోవాన్స్ 2003లో షెన్‌జెన్‌లో పుట్టింది, దాన్ని పుట్టిన ఊరుని బట్టి కొట్టిపారేసేవాడు ముందు కొలిచిన అంకెలు చూపించాలి. ఫానుక్ 1972లో ఫుజిట్సు నుంచి విడిపడింది. కస్టమరు వాడుతున్నంతకాలం మరమ్మతు చేస్తామని బహిరంగంగా చెప్పుకుంటుంది. మిగతావాళ్లనీ ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. ఎవరు రాసిస్తారో, ఎవరు నీళ్లు నములుతారో అక్కడే తేలిపోతుంది.

సీఈ గుర్తు చూసి మురిసిపోకండి. డ్రైవ్‌ల మీద అది చాలావరకు తయారీదారు తనకు తాను వేసుకునే ముద్ర. సేఫ్ టార్క్ ఆఫ్ ఉందంటే ఐఈసీ 61800-5-2 కింద ఎవరు పరీక్షించారో సర్టిఫికెట్ అడగండి. అది మోటారుకి టార్క్ ఆపుతుంది, అంతే. వేలాడే జడ్ అక్షాన్ని పట్టి ఉంచాల్సింది బ్రేకు. బ్రేకు పడ్డాకే టార్క్ వదిలేలా డ్రైవ్‌ని అమర్చకపోతే స్పిండిల్ జాబ్ మీద పడుతుంది. కింద చెయ్యి ఉంటే చెయ్యి మీద పడుతుంది. ఈ ఒక్క విషయం దగ్గర డిస్కౌంట్ బేరమాడేవాణ్ణి నేను మనిషిగా లెక్కగట్టను.

ఇంకో మోసం పారామీటర్ ఫైలు. ట్యూనింగ్ చేసి, పాస్‌వర్డ్ పెట్టి, ఫైలు తన లాప్‌టాప్‌లో పట్టుకుపోయే డీలర్ మీ మెషీన్ని తాకట్టు పెట్టుకున్నట్టే. తన సొంత ఎన్‌కోడర్ భాష తప్ప ఇంకొకటి తెలియని డ్రైవ్ కూడా అలాంటి గొలుసే. ఇవాళ దాన్ని మెడకేసుకుంటే రేపు మోటారు కూడా వాళ్లు చెప్పిన ధరకే కొనాలి. బిస్, ఎన్‌డాట్ లాంటివి తీసుకుంటుందా, ఈథర్‌క్యాట్ మీద సీఐఏ 402 ప్రొఫైల్‌తో నడుస్తుందా అని కొనకముందే అడగాలి. ఫైలు మన చేతికొచ్చాకే చివరి చెల్లింపు కదలాలి.

కొలవడం మాకేం తెలుసండీ అనకండి. అదే బాలానగర్లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. బెంగళూరులో 1962 నుంచి సీఎంటీఐ ఉంది. ఐఎస్ఓ 230-2 ప్రకారం లేజర్‌తో స్థానం కొలిచే పద్ధతి రహస్యమేమీ కాదు.

ఈ రాతకి కోపం తెచ్చుకునే కంపెనీలు, డీలర్లు ఉంటారని తెలుసు. రండి. ఏసీ గదిలో ఖాళీ మోటారు తిప్పే మీ డెమో నాకొద్దు. మే నెల మధ్యాహ్నం, రేకుల షెడ్డులో, ప్యానెల్ మూసి, నిలువు అక్షానికి పూర్తి లోడు వేలాడదీసి, మా ఆపరేటర్ ఎదుట షిఫ్టంతా నడపండి. మొదటి జాబ్‌నీ చివరి జాబ్‌నీ అతనే కొలుస్తాడు. ఆ రెండు కొలతలూ కలిస్తే ఎల్-1 కంటే ఎంత ఎక్కువైనా మీ కొటేషన్ మీద సంతకం పెట్టమని మా యాజమాన్యంతో నేను పోట్లాడతాను.