కోయ పిల్లలకు పాఠం చెప్పాలంటే కోయ రావడం కూడా మెరిటే



ఒకటో తరగతిలో నా సంగతి ఒకటి చెప్తాను. దాహం వేసి సారుతో "ఏరు" అన్నాను. మా కోయలో ఏరు అంటే నీళ్లు. సారుకి తెలిసిన తెలుగులో ఏరు అంటే వాగు. బడి వేళలో వాగుకి పోతానంటోంది అనుకుని గదమాయించి కూర్చోబెట్టారు. సారు చెడ్డాయన కాదు, రోజూ బండి మీద అంత దూరం వచ్చేవాడు. కానీ ఆ రోజు నుంచి నేను క్లాసులో నోరు తెరవడం మానేశాను. రెండేళ్లు నన్ను మొద్దు అనే అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

మీలో ఎంతమందికి ఇలాంటి కథ ఉంది? మీతో చదువు మొదలుపెట్టి మధ్యలో మేకల వెనక, మిరప కోతలకి పోయినవాళ్లు ఎంతమంది? వాళ్లందరికీ తెలివి లేకనా?

ఇప్పుడు అందరి నోటా మానవ వనరులు అనే మాటే. ప్రపంచ బ్యాంకు 2020 సూచీలో మన దేశానికి వచ్చింది 0.49. అంటే పూర్తి చదువు, పూర్తి ఆరోగ్యం దొరికితే ఒక బిడ్డ ఎంత ఎదగగలదో అందులో సగం కూడా ఎదగడం లేదని. అది దేశం సగటు. మరి మన గూడెం ఎక్కడుంది? 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. ఎస్టీలది 49 శాతం. మన ఆడవాళ్లది 40 శాతం. ఈ తేడా పదో తరగతి పరీక్షలో పుట్టింది కాదు. ఒకటో తరగతిలో, టీచర్ మాట బిడ్డకి, బిడ్డ మాట టీచర్‌కి అర్థం కాని చోట పుట్టింది.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా చూడమంటుంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే చెప్పమంటుంది. ఉమ్మడి రాష్ట్రంలోనే కోయ, గోండి, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు వేశారు. మన ఊరి చెట్లు, మన పండగలు, మన మాటలు ఉన్న పుస్తకాలు! బిడ్డ సొంత మాటతో చదువు మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి, ఆ తర్వాత ఇంగ్లీషులోకి వెళ్లాలని ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ ఆ పుస్తకం చదివి చెప్పే టీచర్ ఏడి? భాషా వాలంటీర్లని పెట్టారు. చిన్న గౌరవ వేతనం, వచ్చే ఏడాది ఉంచుతారో తీసేస్తారో తెలియని బతుకు.

ఆ టీచర్‌ని ఇచ్చింది జీవో 3. 2000 జనవరిలో వచ్చిన ఆ జీవోతో ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే దక్కాయి. ఉద్యోగం వస్తుందన్న ధైర్యంతో మన పిల్లలు డీఎడ్‌లు, బీఎడ్‌లు చేశారు. మన ఊరి అక్క మన బడిలో టీచరమ్మ అయింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని మాత్రం ఉంచింది. 2025లో ఆంధ్రలో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు మన్యంలో బంద్‌లు జరిగింది అందుకే.

ఉద్యోగాల కోసం పోరాటం న్యాయమైనదే, అందులో నేనూ ఉన్నాను. కానీ మనం గట్టిగా చెప్పని మాట ఒకటుంది. మెరిట్, మెరిట్ అంటున్నారు కదా, ఒకటో తరగతి కోయ బిడ్డకి పాఠం చెప్పేవాళ్లకి కోయ రావడం మెరిట్ కాదా? తెలుగు రానివాళ్లని తెలుగు పండిట్‌గా పెడతారా? ఇక్కడ మాత్రం ఎందుకు చెల్లుతుంది? కేంద్రం 2023లో ఏకలవ్య స్కూళ్లకి దేశమంతా కలిపి ఒకే పరీక్ష పెట్టింది. మన దగ్గరికి వచ్చినవాళ్లలో తెలుగు కూడా రాని టీచర్లు ఉన్నారు. కోయ సంగతి ఇంక అడగాలా?

అందుకే మన డిమాండ్ ఇలా పెడదాం. ఏజెన్సీ ప్రాథమిక బడుల్లో పోస్టుకి ఆ ఊరి పిల్లల భాష వచ్చి ఉండాలని డీఎస్సీలోనే నిబంధన పెట్టాలి. ఇది రిజర్వేషన్ కాదు, అర్హత. గిరిజనేతరులు కోయ నేర్చుకుని వస్తే మన గూడెంలో మంచం వేసి కూర్చోబెడతాం. భాషా వాలంటీర్లకి డీఎడ్ శిక్షణ ఇచ్చి పర్మినెంట్ చేయాలి. ఆ వాచకాలు ప్రతి ఏడాదీ బడి తెరిచే రోజుకే చేరాలి.

కొందరు అమ్మానాన్నలు అడుగుతారు, "కోయలో చదివితే ఉద్యోగం వస్తుందా? ఇంగ్లీషు మీడియం కావాలి" అని. వాళ్ల భయం నాకు తెలుసు, మా ఇంట్లోనూ అదే మాట. ఇంగ్లీషు వద్దని ఎవరన్నారు? నిచ్చెన కింది మెట్టు తీసేసి పై మెట్టు ఎక్కమంటే బిడ్డ పడిపోతుంది. మొదటి మెట్టు మన భాష. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. టౌన్‌కి వెళ్తే బస్సులో ఫోన్ ఎత్తి కోయలో మాట్లాడటానికి మనమే సిగ్గుపడతాం. మన సిగ్గు పోకపోతే ఏ జీవో కూడా మన భాషని బతికించలేదు.

ఏటా ఆగస్టు 9న డోలు, డ్యాన్సు, స్టేటస్ ఫోటోలు, అన్నీ ఉంటాయి. ఉండాలి కూడా. ఈసారి అదే రోజు గ్రామసభ పెట్టి ఈ డిమాండ్ల మీద తీర్మానం రాయండి, ఐటీడీఏ పీవోకి ఇచ్చి రసీదు తీసుకోండి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టమే చెప్తోంది. మీ ఊరి కమిటీలో ఎవరున్నారో ముందు కనుక్కోండి. చదువుకున్న మనం వెళ్లి వాళ్ల పక్కన కూర్చుందాం.

రేపు మీ ఊరి బడిలో ఒక బిడ్డ "ఏరు" అంటే, నీళ్ల గ్లాసు చేతికిచ్చే టీచర్ ఉండాలి. మనం అడుగుతున్నది అంతే.

జై ఆదివాసీ!