గెలిచేవాడా, అడిగేవాడా?

ఓట్లొచ్చాయంటే వాడల్లో ఒకటే మాట: ‘గట్టిగా అడిగేవాడు గెలవడు, మెత్తనోడికే వేద్దాం.’ నిజమే, 1952లో ఉత్తర బొంబాయిలో ఉమ్మడి ఓటు అంబేద్కర్‌నే ఓడించింది. కాంగ్రెస్ అభ్యర్థి కజ్రోల్కర్‌ని గెలిపించింది. కానీ ఓడినాయన్ని లోకం తలుస్తోంది. గెలిచినాయన పేరు ఎందరికి తెలుసు?

అట్లని తెగువంతా మనది కాదు. 1998లో సైబర్ టవర్స్ తెరిపించిన చంద్రబాబు తెగువ 1999లో గెలిచింది, 2004లో 47 సీట్లకు పడింది. అద్దాల మేడలు లేచాయి గానీ పల్లె కూలోళ్ల గోడు వినబడలేదు.

హైటెక్ సిటీలో ఊడ్చి, మోసి, కాపలా కాసే మనోళ్లెందరికో ఓటు ఊళ్లోనే ఉంది. పండక్కి వచ్చినట్టే ఓటుకీ రండి. మేమనేది ఒకటే: భూమి, కూలి, వాడమీద దాడి - ఈ మూడింట్లో ఎవర్ని ఎదిరిస్తావని అభ్యర్థిని నలుగురిలో నిలేసి అడుగుదాం. నీళ్లు నమిలినోడికి మన ఓటు లేదు.

జై భీమ్!