పోడు కేసు తెలిసిన వకీలు కావాలి

పినపాక మండలంలో పోడు చేసుకునే కోయ రైతుకు కోర్టు కొత్త కాదు. అడవి నరికాడని కేసు పడితే మణుగూరు మేజిస్ట్రేటు ముందు నిలబడాలి. నేరం పెద్దదైతే కొత్తగూడెం పోవాలి. భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోయిందని భూబదలాయింపును నిషేధించే 1/70 కింద ఫిర్యాదు చేస్తే భద్రాచలంలో స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గర వాయిదాలు. హైకోర్టుకు పోవాలంటే హైదరాబాద్, సుమారు మూడొందల కిలోమీటర్లు. ఎక్కడికి పోయినా అతడి గోడు కోయలో, వకీలు మాట తెలుగులో, కేసు కాగితం ఇంగ్లిష్‌లో. ఇన్ని చేతులు మారేసరికి అసలు జరిగిందేమిటో సగం జారిపోతుంది.

ఏజెన్సీలో పుట్టి, అక్కడి భాష మాట్లాడుతూ, చట్టంతోపాటు నేరం ఎందుకు పుడుతుందో, దర్యాప్తు ఎక్కడ తప్పుతుందో కూడా చదువుకున్న వకీళ్లు వచ్చేదాకా ఇది మారదు. అలాంటివారిని తయారుచేసే బాధ్యత ములుగులోని సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానిదే. న్యాయశాస్త్రాన్ని, నేరశాస్త్రాన్ని కలిపి అయిదేళ్ల డిగ్రీ అక్కడ పెట్టాలి. పరిశీలిస్తాం, కమిటీ వేస్తాం అనే మాటలు ఈ విషయంలో ఇక చెల్లవు.

ఆ విశ్వవిద్యాలయం 2014 నాటి రాష్ట్ర విభజన చట్టం ఇచ్చిన హామీ. దాని కోసం పార్లమెంటు చట్ట సవరణ చేసేసరికి 2023 డిసెంబరు వచ్చింది. మరుసటి ఏడు జాకారంలో తాత్కాలిక వసతిలో బీఏ ఇంగ్లిష్, బీఏ ఎకనామిక్స్‌తో తరగతులు మొదలయ్యాయి. ఆ కోర్సులు వద్దని ఎవరూ అనరు. కాకపోతే అవి చెప్పే డిగ్రీ కాలేజీలు రాష్ట్రంలో కోకొల్లలు. గిరిజనుల పేరిట పెట్టిన విశ్వవిద్యాలయం గిరిజనులకే వర్తించే చట్టాలను చదువుగా మార్చకపోతే ఆ పేరు బోర్డు మీదనే మిగులుతుంది.

ఆ చట్టాలేమీ తక్కువ లేవు. రాజ్యాంగం అయిదో షెడ్యూలు ఉంది. 1959లో వచ్చిన భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తింపజేశారు. 1970లో చేసిన సవరణతో అది గిరిజనేతరుల మధ్య లావాదేవీలనూ నిషేధించింది. జనం నోట్లో అదే 1/70. గ్రామసభకు అధికారాలిచ్చిన 1996 నాటి పెసా, గనుల లీజులపై 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు, 2006 అటవీ హక్కుల చట్టం, ఇవన్నీ నగరంలోని లా విద్యార్థికి పరీక్షలో ఒక ప్రశ్న. పినపాకలో, కరకగూడెంలో, గుండాలలో అవే రోజువారీ బతుకు. 2023 జూన్‌లో రాష్ట్రంలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచినప్పుడు అందులో అందరికంటే పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే. పట్టా వచ్చినవారికి హద్దుల తగాదా ఉంది. రానివారికి కేసుల భయం ఉంది. ఇద్దరికీ వకీలు కావాలి.

ఇదే జిల్లాకు ఈమధ్యే కొత్తగూడెంలో మన్మోహన్‌సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయం వచ్చింది. సంతోషించాల్సిందే. బొగ్గు పుట్టిన నేల అది. భూమి కింద ఏముందో చదవడానికి విశ్వవిద్యాలయం దొరికింది. భూమి మీద ఎవరి హక్కు ఏమిటో చదవడానికి ఇంకా దొరకలేదు.

చట్టం చాలదా, నేరశాస్త్రం ఎందుకు అనేవారు రెండు కేసులను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది ఈ జిల్లాదే. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర ఎర్రబోడులో అటవీ రేంజి అధికారి చలమల శ్రీనివాసరావును గుత్తికోయలు నరికి చంపారు. అటవీ శాఖ నాటిన మొక్కల దగ్గర మొదలైన గొడవ అది. విధి నిర్వహణలో ఉన్న అధికారిని చంపినవారికి శిక్ష పడాల్సిందే. పడింది కూడా. ఏడాది తిరక్కముందే, 2023 ఆగస్టులో, ఇద్దరికి కొత్తగూడెం కోర్టు యావజ్జీవం విధించింది.

రెండోది విశాఖ ఏజెన్సీలోని వాకపల్లి. 2007 ఆగస్టు 20న గాలింపునకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది కోదు మహిళలు ఫిర్యాదు చేశారు. కేసు కింది కోర్టు నుంచి పైకోర్టుకు, మళ్లీ కిందికి తిరిగింది. 2017లో సుప్రీంకోర్టు చెబితే గానీ విచారణ కదల్లేదు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు పోలీసులందరినీ నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఆ కోర్టే ఎత్తిచూపింది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలనీ చెప్పింది. నేరం రుజువు కాలేదు, పరిహారం మాత్రం ఇవ్వాలి. ఆ తీర్పు అర్థం అంతకంటే వివరించనక్కర్లేదు.

ప్రభుత్వం ఫిర్యాదుదారైన కేసు ఏడాదిలోపు తేలింది. కోదు ఆడవాళ్లు ఫిర్యాదుదారులైన కేసు దాదాపు పదహారేళ్లు నడిచి దర్యాప్తు లోపం దగ్గర కూలిపోయింది. రెండు చోట్లా ఉన్నది ఒకే శిక్షాస్మృతి. కొరవడింది సెక్షన్ల జ్ఞానం కాదు. వైద్య పరీక్ష ఎప్పుడు జరగాలి, నిందితులను గుర్తించే పరేడ్ పెట్టకపోతే ఏమవుతుంది, బాధితురాలి వాంగ్మూలం ఏ భాషలో ఎవరు తీసుకోవాలి, తనను తానే దర్యాప్తు చేసుకునే శాఖ ఎలా ప్రవర్తిస్తుంది అని మొదటి రోజే అడగగల మనిషి కొరవడ్డాడు. ఈ ప్రశ్నలు నేరశాస్త్రానివి.

ఎర్రబోడు కేసుకు మరో ముఖం ఉంది. హత్య జరిగిన కొద్ది రోజులకే గుత్తికోయలందరినీ ఊరి నుంచి వెళ్లగొట్టాలని బెండాలపాడు పంచాయతీ తీర్మానించింది. కోపం అర్థమవుతుంది. చంపినవారు ఇద్దరైతే శిక్ష ఛత్తీస్‌గఢ్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలన్నిటికీ పడాలా? తెలుగు నేలకు ఈ ఆలోచన పాతదే. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టింది. ఆ చట్టం నీడలోనే 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా స్టూవర్టుపురం పుట్టింది. 1952లో చట్టం రద్దయినా ఆ ఊరి పేరు మీది మచ్చ దశాబ్దాల పాటు పోలేదు. పుట్టుకతోనే దొంగలనే ఆ ఆలోచనను నాటి దొరలు శాస్త్రమనే అన్నారు. అందుకే నేరశాస్త్రం పోలీసు శాఖకు చేతికర్రగా ఉంటే సరిపోదు. దాని పాత పాపాలతో సహా చదవాలి, ఆ పాపాలు ఎవరి మీద జరిగాయో ఆ పిల్లలే చదవాలి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నేరశాస్త్రం అంటే టీవీ సీరియల్ డిటెక్టివ్ పని అనుకునే పిచ్చి పట్టణాల్లో బాగా ముదిరింది. వేలిముద్రలు, భూతద్దం బొమ్మలు వేసి లక్షల్లో ఫీజు గుంజే బ్రోషర్లకు కొదవ లేదు. ములుగులో కావాల్సింది అది కాదు, ఇక్కడి నేరాలు ఎందుకు పుడుతున్నాయో చెప్పే చదువు.

గంజాయి సంగతే చూడండి. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల నుంచి హైదరాబాద్‌కు, మహారాష్ట్రకు పోయే సరుకుకు భద్రాచలం ఒక దారి. దొరికేది చాలావరకు బండి తోలే కుర్రాడు, సంచి మోసే కూలీ. 20 కిలోలు దాటితే శిక్ష పదేళ్లకు తగ్గదు, ఇరవై ఏళ్ల దాకా పోవచ్చు. బెయిలు దాదాపు దొరకదు. సరుకు పండించినవాడు, కొన్నవాడు, లాభం తిన్నవాడు చార్జిషీటులో చాలాసార్లు కనిపించరు. సెక్షన్ మాత్రమే చదివిన వకీలుకు ఇది బెయిలు పిటిషన్. ఒక ప్రాంతం యువకులు మూటలు మోసే కూలీలుగా ఎలా మారుతున్నారో చదివిన వకీలు దాన్ని ప్రభుత్వం ముందు నిలబెట్టగలడు. మంత్రాల నెపంతో జరిగే హత్యలూ అంతే. అడవి పందుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి మనుషులు చచ్చే కేసులూ అంతే.

నేరమంటే పేదవాడు చేసేదే అన్న భ్రమను అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఎడ్విన్ సదర్లాండ్ 1939లోనే ప్రశ్నించాడు. పెద్ద హోదాల్లో, కంపెనీల్లో జరిగే నేరాలను లెక్కలోకి తెచ్చింది ఆయనే. పినపాక వాళ్లకు ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. ఈ మణుగూరు, పినపాక నేల మీదనే భద్రాద్రి థర్మల్ కేంద్రం పనులు పర్యావరణ అనుమతి రాకముందే మొదలయ్యాయి. 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆపమనాల్సి వచ్చింది. తర్వాత అనుమతి వచ్చింది, 1,080 మెగావాట్ల కేంద్రం లేచింది. అనుమతి లేకుండా నాలుగు చెట్లు కొట్టిన పోడు రైతును నిందితుడు అంటున్నాం. అనుమతి లేకుండా పునాదులు తీసినవారిని ఏమనాలో ఒక తరగతి గది తీరిగ్గా చర్చించాలి.

చట్టాలు కూడా నేరశాస్త్రం వైపే నడుస్తున్నాయి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలి. ఏర్పాట్లు చేసుకోవడానికి రాష్ట్రాలకు అయిదేళ్లు గడువిచ్చారు. రేపు ప్రతి పెద్ద కేసులోనూ ఆ నివేదిక ఉంటుంది. దాన్ని చదివి తప్పు పట్టగలవారు లేకపోతే గిరిజన నిందితుడికి ఆ కాగితమే ఉరితాడు. గిరిజన బాధితురాలికి అదే పనికిరాని చిత్తు.

అడ్డంకుల మాటకొద్దాం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2025 ఆగస్టులో కొత్త న్యాయ కళాశాలలకు, కొత్త కోర్సులకు మూడేళ్ల నిలుపుదల పెట్టిన మాట నిజం. కానీ షెడ్యూల్డు తెగల కోసం, మారుమూల గిరిజన ప్రాంతాల్లో, కేంద్రం గుర్తించిన వెనుకబడ్డ ఆకాంక్ష జిల్లాల్లో పెట్టేవాటికి అదే ఉత్తర్వు మినహాయింపు ఇచ్చింది. భద్రాద్రి కొత్తగూడెం ఆ జాబితాలోనే ఉంది. ములుగు విడివడిన భూపాలపల్లీ ఉంది. సిలబస్ కోసం వెతుక్కోనక్కర్లేదు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లోనే నేరం, నేరశాస్త్రం పేరిట ఆనర్స్ విభాగం ఉంది. నేర మనస్తత్వం, ఫోరెన్సిక్ సైన్స్, జైళ్ల పాలన, బాధితుల శాస్త్రం అందులో పాఠాలు. వాటికి కోయ భాషను, ఏజెన్సీ చట్టాలను చేర్చడమే మిగిలింది.

సంగారెడ్డిలో గిరిజన గురుకుల న్యాయ కళాశాల ఉంది కదా అనవచ్చు. ఉంది, మంచిదే. అది గోదావరి ఒడ్డుకు రాష్ట్రంలో మరో కొసన ఉంది. న్యాయ విద్యార్థి కేసు నేర్చుకునేది కక్షిదారు ఇంటి అరుగు మీద. ఏడూళ్ల బయ్యారం నుంచి మంగపేట, ఏటూరునాగారం దాటితే ములుగే. చదువుకున్నవాళ్లు తిరిగి ఏజెన్సీకి వస్తారా అనేది ఇంకో సందేహం. కొందరు రారు. హైదరాబాద్‌లో నల్లకోటు వేసుకునే హక్కు కోయ బిడ్డకూ ఉంది. అయినా పది మందిలో ముగ్గురు మణుగూరు, భద్రాచలం బార్‌లో నిలిస్తే చాలు, ఇప్పటి లెక్క మారిపోతుంది. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లుగా, న్యాయ సేవాధికార సంస్థల డిఫెన్స్ కౌన్సెల్‌గా, జువెనైల్ బోర్డుల్లో, ప్రొబేషన్ ఉద్యోగాల్లో వారికి స్థానం ఉంది. 1987 చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరకాలి. హక్కు కాగితం మీద ఉంది, ఇచ్చే మనుషులే తక్కువ.

కాబట్టి ములుగు విశ్వవిద్యాలయం ఈ విద్యా సంవత్సరంలోనే బార్ కౌన్సిల్‌కు ప్రతిపాదన పంపాలి. తరగతులతోపాటే పినపాకలో, మణుగూరులో న్యాయ సహాయ క్లినిక్‌లు తెరవాలి. వాటికి గది, జీతం, కోయ దుబాసీని భద్రాచలం ఐటీడీఏ సమకూర్చాలి. రాష్ట్ర ప్రభుత్వం హాస్టల్, స్కాలర్‌షిప్ బాధ్యత రాతపూర్వకంగా తీసుకోవాలి. ఖమ్మం, మహబూబాబాద్ ఎంపీలు ఈ ప్రతిపాదన ఎక్కడ ఆగిందో పార్లమెంటులో అడగాలి, జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి.