కుర్చీ చెయ్యి ఎందుకు విరిగింది?



కల్వకుర్తిలో మా ఇంటి అరుగు మీద మా నాన్నగారి నాటి టేకు కుర్చీ ఒకటి ఉన్నది. దాని చేతులు రెండూ కొడవలివలె వంపు తిరిగి ఉంటవి. పోయిన సంక్రాంతి సెలవులలో మా మనుమడు ఆ చేతిమీద ఎక్కి గాలిపటం ఎగరవేయబోయినాడు. చెయ్యి ఫటుక్కున విరిగింది. వాడు దూకి తప్పించుకొన్నాడు గనుక సరిపోయింది.

"ఇంతమాత్రానికి వడ్లాయన ఎందుకు?" అనుకొని నేనే రెండు ఇనుప మొలలు దిగవేసినాను. నెల తిరగకముందే మొలల వెంబడి చెక్క చీలి, ఆ ముక్క ఊడి నా ఒళ్ళో పడింది. మీకు సైన్సు చెప్పినవాడి తెలివి అది!

చివరకు కుర్చీని వడ్లాయన దగ్గరకే తీసుకపోయినాను. ఆయన ఒకప్పుడు నా దగ్గర ఏడవ తరగతి చదివినవాడే. మొలలను చూచి, నవ్వు ఆపుకొని, "మొల సంగతి అటుంచుండ్రి సారూ, మొదలు చేసినప్పుడే ఈడ నార అడ్డం పడ్డది" అన్నాడు.

అదేమిటో మీరూ తెలుసుకోవాలి. పొయ్యి కట్టెలు కొట్టేవారిని చూచినారా? మొద్దును నిలబెట్టి పైనుండి గొడ్డలి వేస్తే ఒకటి రెండు దెబ్బలకే చీలుతుంది. అదే మొద్దును పడుకోబెట్టి అడ్డంగా కొడితే చెమటలు పట్టవలసిందే. చెట్టులో వేరునుండి పైకి నీరు పోయే సన్నని గొట్టాలు, వాటి పక్కన నారపోగులు, అన్నీ నిలువుగానే ఉంటవి. చెక్క అంటే గడ్డిపోచల కట్ట అనుకోండి. పోచలను విడదీయడం తేలిక, తెంచడం కష్టం.

ఇప్పుడు తిన్నని పలక మీద కొడవలి బొమ్మ గీసి కోసినామనుకోండి. ఒకచోట పోగులు వంపు వెంట పొడుగ్గా వస్తవి. వంపు బాగా తిరిగినచోట మాత్రం అవి అడ్డం పడి, పొట్టి ముక్కలైపోతవి. మా మనుమడు కాలు పెట్టింది సరిగా అక్కడే.

కనుక వంపును ఒకే పలకలో కోయక, నార వంపు వెంట పోయేటట్లు ముక్కలు ఎన్నుకొని అతకాలి. అయితే గడ్డికట్ట కొనకు బంక రాస్తే గొట్టాలు దానిని పీల్చివేస్తవి, అతుకు నిలవదు. పోచల పక్కలకు రాస్తే గట్టిగా పట్టుతుంది. అందుకని ముక్కల కొనలను రంపపు పళ్ళవలె కోసి ఒకదానిలో ఒకటి దూర్చుతారు. మీ రెండు చేతుల వేళ్ళను జొనిపి చూడండి, అచ్చం అదే. పళ్ళు ఎంత పొడుగైతే బంకకు అంత పక్కచోటు దొరుకుతుంది.

వడ్లాయన పాత దూలపు టేకు ముక్క తెచ్చి ఆ పనే చేసినాడు. "అతుకు కనబడకుండా రంగు వేయి నాయనా" అన్నాను. "ఎందుకు సారూ దాచుడు? నేనేమన్న తప్పు చేసిన్నా?" అన్నాడు.

ఆ మాటకు డెన్మార్కు దేశపు హాన్స్ వెగ్నర్ గుర్తుకు వచ్చినాడు. ఆయన 1914 లో చెప్పులు కుట్టే వారి ఇంట పుట్టి, 14 ఏండ్లకే వడ్రంగి దగ్గర పనికి కుదిరినాడు. పెద్దయి 500 కు పైగా కుర్చీలను రూపొందించినాడు. 1949 లో ఆయన రూపొందించిన గుండ్రని కుర్చీలో వీపూ చేతులూ కలిసి ఒకే వంపు. చూడటానికి ఒకే కొయ్య, నిజానికి మూడు ముక్కలు. మొదట అతుకులు అందంగా లేవని వాటిమీద పేము చుట్టి దాచినాడు. తరువాత పళ్ళ అతుకు వేయించి, పేము తీసివేసి, అందరికీ కనబడనిచ్చినాడు. 1960 లో అమెరికాలో కెన్నెడీ, నిక్సన్ టెలివిజన్‌లో వాదులాడినప్పుడు వేసినవి ఆ కుర్చీలే.

ఆ కాలపు డెన్మార్కు వడ్రంగులకు టేకంటే ప్రాణం. ఆ చలిదేశంలో టేకు మొలవదు, ఆసియానుండి ఓడలలో పోయేది. మన దక్షిణాన నల్లమలలో పెరిగేదీ ఆ జాతే. ఇంగ్లీషువారి 'టీక్' కూడ మలయాళపు 'తేక్కు' పోర్చుగీసువారి నోట పడి అట్లా మారినదే!

ఒక సంగతి దాచకూడదు. ఈ వడ్లాయన చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే, "నీవు బాడిశ పట్టడానికే పనికివస్తావు" అని తరగతి అందరి ముందూ అన్నాను. ఇప్పుడు ఆయన కాగితపు పట్టీని మడిచి, మళ్ళీ మడిచి, మళ్ళీ మడిచి, ఎనిమిది సమభాగాలు చేసి పళ్ళు గుర్తుపెట్టుతూ ఉంటే పక్కన కూర్చుండి చూచినాను. స్కేలు ముట్టలేదు.

"ఆనాడు నేను అన్నమాట తప్పు నాయనా" అన్నాను.

"ఏ మాట సారూ?" అన్నాడు, ఉలి మీదినుండి చూపు తిప్పకుండానే. కాసేపటికి, "మా పిల్లగాడు గీ పని నేర్వనంటడు. బళ్ళె దోస్తులు నవ్వుతరట" అన్నాడు.

కుర్చీ ఇప్పుడు అరుగు మీదనే ఉన్నది. అతుకుకు రంగు వేయించలేదు. మా వైపు వస్తే వేలు పెట్టి తడిమి చూడండి. చేతిమీద మాత్రం ఎక్కకండి!