పన్నెండు పీరియడ్ల మానవహక్కులు

నందినీ సుందర్ మొదలైనవారు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వముపై సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యమున 2011 జూలై 5వ తేదీన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌గార్లు వెలువరించిన తీర్పును చదివినవారు ఆ రాష్ట్రపు బస్తరు ప్రాంతమున మావోయిస్టులకు ఎదురుగా సాగిన సాల్వాజుడుం ఉద్యమపు ప్రస్తావనను గుర్తుంచుకొందురు గాని, అందలి యొక పాఠ్యప్రణాళికను మాత్రము దాటిపోవుదురు. మావోయిస్టులతో పోరాడుటకై బస్తరు ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి, నెలకు 3,000 రూపాయల గౌరవవేతనముతో చేతికి తుపాకి నందించిన ప్రభుత్వము, రెండు నెలల శిక్షణలో వారికి చట్టములను 24 పీరియడ్లలోను, మానవహక్కులను, రాజ్యాంగములోని ఇతర విషయములను కలిపి 12 పీరియడ్లలోను నేర్పుచున్నామని న్యాయస్థానమునకు విన్నవించినది.

ఐదవ తరగతి ఉత్తీర్ణులకు నియామకమున ప్రాధాన్య మిత్తుమన్న ప్రభుత్వమే, శిక్షాస్మృతి, సాక్ష్యచట్టము మొదలగు జటిల విషయములను ఆ యువకులకు కొన్ని గంటలలో అవగతము చేయుదుమనుట న్యాయమూర్తులకు నమ్మశక్యముగా తోచలేదు. ఆ నియామకములు రాజ్యాంగములోని 14, 21వ అధికరణములకు విరుద్ధములని నిర్ణయించి, వారిని మావోయిస్టులపై పోరునకు వినియోగించుట మానవలెననియు, ఇచ్చిన తుపాకులను వెనుకకు తీసికొనవలెననియు ఆజ్ఞాపించిరి.

అయితే లోపము గంటల లెక్కలో ఉన్నదని నేననుకొనను. పన్నెండు పీరియడ్లను నూట ఇరువది చేసినను ఫలితము వేరుగా నుండెడిది కాదు. ఏలయన, మానవహక్కుల విద్య ఎక్కమువలె వల్లెవేసి అప్పగింపదగినది కాదు. తన పక్షమువాడు చేసిన అన్యాయమును అన్యాయమని చెప్పగల ధైర్యమే దీని సారము. తాము గాని తమవారు గాని మావోయిస్టుల హింసకు గురియైనవారు పలువురు ఈ కొలువున చేరుచున్నారని ప్రభుత్వము సమర్థించుకొనగా, ఆ కోపతాపములే విచక్షణను చెరచునని న్యాయస్థానము హెచ్చరించినది. శత్రువునకును ప్రాణహక్కు కలదని ఉదయమున బోధించి, సాయంకాలమున వాని జాడ తీయుమని అడవికి పంపు గురువు మాట నెవ్వడు విశ్వసించును?

బస్తరు బాలునికి ఈ విషయమున పాఠశాలయే తొలి ప్రతికూల పాఠమైనది. భద్రతాదళములు బడులలోను, వసతిగృహములలోను మకాము వేయుటయు, దళములకు విడిది కాగూడదని మావోయిస్టులు ఆ భవనములను పేల్చివేయుటయు, పసివారిని బాలసంఘములలోనికి లాగుటయు ఆ ప్రాంతము చూచిన సంగతులే. బడులు ఖాళీ చేయవలెనని సుప్రీంకోర్టు ఉత్తరువు లీయవలసివచ్చినది. ఆ తీర్పు వెలువడిన 2011లోనే, డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన ప్రకటన మానవహక్కుల విద్యకు మూడు ముఖములు చూపినది: హక్కులను గూర్చి నేర్పుట, హక్కులను పాటించుచు నేర్పుట, హక్కులకొరకు నిలుచునట్లు నేర్పుట. మొదటిదానికి పుస్తకము చాలును. రెండవదానికి ఆయుధము గడప దాటిరాని బడి కావలెను, గోండీ, హల్బీ మాటలాడు గురువు కావలెను, శిష్యుడు ప్రశ్నించినచో నీ వెవరి పక్షమని ఎదురడుగని పెద్దలు కావలెను.

ఇది పొరుగురాష్ట్రపు గొడవ యని మనము తప్పించుకొన జాలము. 2005లో సాల్వాజుడుం మొదలైన పిదప వేలాది ఆదివాసులు నాటి ఖమ్మం, వరంగల్లు జిల్లాల అడవులకు వలసవచ్చిరి. గుత్తికోయలని పిలువబడు వారికి తెలంగాణమున షెడ్యూల్డు తెగల గుర్తింపు దక్కలేదు. ఇంట కోయమాట మాటలాడుచు, బడిలో సమానత్వపు పాఠమును తెలుగున చదువుకొన్న బాలుడు ధ్రువపత్రమునకై కార్యాలయమునకు పోయి రిక్తహస్తములతో తిరిగివచ్చునప్పుడు, ఆ రెండింటిలో వాని మనస్సున నిలుచు పాఠమేది?

కావున నా సూచన యొక్కటే: ఆ తీర్పునే పాఠ్యాంశము చేయుడు. సామాన్యుల పక్షమున వేసిన వ్యాజ్యము ప్రభుత్వమును న్యాయపీఠము ఎదుట నిలువబెట్టినదని చెప్పుడు. తీర్పు వెలువడిన కొలది మాసములకే ఆ ప్రభుత్వము సహాయక సాయుధ పోలీసు దళమునకై చట్టము చేసి ఆ యువకులను అందులో చేర్చుకొన్నదనియు చెప్పుడు. ఇన్‌ఫార్మర్లని ముద్రవేసి మావోయిస్టులు చంపిన గ్రామస్థుల సంగతియు అదే స్వరముతో చెప్పుడు. ఇన్ని తెలిసినచో విద్యార్థికి హక్కులయందు విశ్వాసము సడలునని శంకించువారున్నారు. నాకా శంక లేదు. ఊరందరికి తెలిసిన సంగతిని బడి దాచినచో, బడి చెప్పిన తక్కిన సంగతులను గూడ వాడు నమ్మడు.