చవగ్గా చేసిపెట్టే మంచోళ్ళు

మొన్న సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెట్టాం. మా ఆవిడ కళ్ళుగప్పి, కింది మెట్టు మీద, కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన నా బొమ్మలు కూడా ఓ పాతిక నిలబెట్టాను. బొటనవేలంత సైనికులు. పేరంటానికొచ్చిన ఆడవాళ్ళెవరూ వాటిని పట్టించుకోలేదు గానీ, వాళ్ళని దింపడానికొచ్చిన మగాళ్ళలో ఒకడు మాత్రం వంగి చూసి "ఇవి నువ్వే వేశావా? వీటికి డబ్బులిస్తారా?" అన్నాడు. ఇస్తారన్నాను. "ఇంకేంట్రా మరి! ఎలాగూ జీతం వస్తోంది. అందరికంటే తక్కువ రేటు పెట్టు, ఆర్డర్లు వాటంతటవే వస్తాయి" అని ఓ ఉచిత సలహా పారేసి పులిహోర వైపు వెళ్ళిపోయాడు.

ఆ సలహా వాడు ఇవ్వకముందే, మూడేళ్ళ క్రితం, నేను పాటించేశాను. అది వట్టి తెలివితక్కువ పనే కాదు, తప్పుడు పని కూడా అని ఇప్పుడు నా అభిప్రాయం.

తెలియనివాళ్ళ కోసం కొంచెం. 1987లో వార్‌హామర్ 40,000 అని ఒక ఆట వచ్చింది. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళది. బల్ల మీద రెండు సైన్యాలు పెట్టి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలేసి ఆడతారు. బొమ్మలు మాత్రం బూడిద రంగు ప్లాస్టిక్ ఫ్రేముల్లో ముక్కలుగా వస్తాయి. కత్తిరించుకోవాలి, అతికించుకోవాలి, రంగులేసుకోవాలి. 2020లో వచ్చిన తొమ్మిదో ఎడిషన్లో అయితే రంగులేసిన సైన్యంతో వస్తే 10 పాయింట్లు కూడా పెట్టారు. అందరికీ అంత ఓపిక ఉండదు కదా, అందుకని డబ్బులిచ్చి వేయించుకుంటారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ళు కూడా తమ ఒక్క పాత్ర కోసం ఒకే ఒక్క బొమ్మ ఇచ్చి, దాన్ని అందంగా చేసిపెట్టమంటారు.

నా మొదటి ఆర్డరు 20 బొమ్మలు, ఒక్కోటి 15 డాలర్లు. 300 అనగానే గొప్పగా అనిపించింది. పని మొదలెట్టాక తెలిసింది. ముందు అచ్చు గీతలు గీకాలి (ఇవి కనపడకుండా వదిలేస్తే, వాష్ పడగానే గాయాల్లాగా తేలతాయి). అతికించాలి. ప్రైమర్ కొట్టాలి, అదీ డాలస్ ఎండల్లో మిట్టమధ్యాహ్నం కొడితే బొమ్మని చేరేలోపే ఆరిపోయి ఇసుక చల్లినట్టు తయారవుతుంది. నాకు నాలుగు బొమ్మలు అలాగే పోయాయి, మళ్ళీ కడిగి మొదటికొచ్చాను. తర్వాత బేస్ కోటు, సందుల్లోకి వాష్, అంచుల మీద వెంట్రుకవాసి హైలైటు, కళ్ళు, కింద ఇసుక, గడ్డి, చివరికి వార్నిష్. ఆఫీసు అలవాటు పోదు కదా, టైంషీటు రాసుకున్నాను. బొమ్మకి రెండుంపావు గంటలు, మొత్తం 45 గంటలు తేలాయి. 300ని భాగిస్తే గంటకి 6 డాలర్ల 67 సెంట్లు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచీ 7 డాలర్ల 25 సెంట్లు. అంటే నాకు నేనే కనీస వేతనం ఇచ్చుకోలేదన్నమాట! రంగులు, ఫోము, పోస్టేజి కలిపి 40 పోయాయి. ఏడాదిలో అలాంటి ఆర్డర్లు నాలుగు చేశాను కాబట్టి నికర ఆదాయం 400 దాటింది, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్సు 15.3 శాతం పడింది. దానిమీద మామూలు ఇన్‌కంటాక్సు. గంటకి నాలుగు డాలర్లు కూడా మిగల్లేదు.

ఇక్కడిదాకా చదివి, "నష్టపోయింది నువ్వేగా, నీ సరదా నీది, మాకేంటి?" అంటారు. నేనూ అదే అనుకున్నాను. నాకు జీతం ఉంది, ఇన్సూరెన్సు ఉంది, రాత్రిపూట బ్రష్షు పట్టుకుంటే ప్రొడక్షన్ ఇష్యూలు మర్చిపోతాను, పైగా చేతి ఖర్చులొస్తాయి. ఎవరికి నష్టం?

మేం ఆడుకునే షాపుకి ఒకావిడ వచ్చేది. ఆవిడకి ఇదే పని, ఇంకో ఉద్యోగం లేదు. అలాంటి బొమ్మకే 40 తీసుకునేది. సగం అడ్వాన్సు, ఒక బొమ్మ పూర్తిచేసి ఫొటో పంపించి ఒప్పించుకున్నాకే మిగతావి. పని నాకంటే ఎన్నో మెట్లు పైన, ఆ మాట దాచుకోవడం దేనికి. ఓ రోజు నా పక్కన కూర్చుని, కోపం లేకుండానే అడిగింది: "నువ్వు 15కే చేస్తున్నావట కదా? ఈ నెల్లో ముగ్గురు నాకు నీ రేటు చెప్పి బేరమాడారు. అందులో ఇద్దరు మళ్ళీ రాలేదు." నేను ఏదో గొణిగాను, నాది అంత క్వాలిటీ కాదు కదా అని. "మూడడుగుల దూరం నుంచి చూసేవాడికి అదంతా తెలియదు" అంది. తర్వాత ఇంకో మాట అంది, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "మిగతా పాతిక మీ కంపెనీ ఇస్తోంది. నాకు ఎవరిస్తారు?"

అయ్యా, మనం ఆఫీసులో ఏం చేస్తాం? ఎవడో వెండారు రేటు తగ్గించి ప్రాజెక్టు ఎత్తుకుపోతే బ్రేక్ రూంలో ఎంత గోల! మార్కెట్ పాడుచేస్తున్నారు, క్లయింటుకి అలవాటు చేస్తున్నారు, క్వాలిటీ ఏడుస్తుందా అని. పాపం ఆ వెండారు కింద పనిచేసే కుర్రాడికి అదే తిండి. నాకైతే ఆ మాత్రం సాకు కూడా లేదు. ఒకడి కడుపు మీద కొట్టి నేను సంపాదించింది గంటకి నాలుగు డాలర్లు!

శ్రీలంకలో పెయింటింగ్ స్టూడియోలు ఎప్పట్నుంచో ఇంతకంటే చవగ్గా చేస్తున్నాయి కదా అని ఒకతను వాదించాడు. చేస్తున్నాయి. వాళ్ళ ఖర్చులు వాళ్ళవి, ఆ రేటుతో వాళ్ళకి ఇల్లు గడుస్తుంది. ఆ పోటీని ఆవిడ తట్టుకోగలదు, ఎందుకంటే అవతలివాడు కూడా ఒక స్థాయి కిందికి దిగలేడు. నా బోటివాడికి అడుగన్నదే లేదు. ఇవాళ 15, బోరు కొడితే 10, ఆ తర్వాత మొత్తం మానేసి గిటారు నేర్చుకుంటాను. వచ్చే ఏడాదికి నేనుండను, నేను దించిన రేటు మాత్రం ఉంటుంది.

"మరి నేర్చుకునేవాడు తక్కువ తీసుకోకూడదా?" తీసుకోవచ్చు, దీన్నే బతుకుతెరువు చేసుకుందామనుకునేవాడైతే. వాడు రేపు రేటు పెంచక చస్తాడా? నేను వాదిస్తున్నది మన గురించి, రెండు వారాలకోసారి జీతం పడేవాళ్ళ గురించి.

మధ్యలో ఇంకో విషయం, ఇది సరదా కాదు. హెచ్1బి మీదున్న తమ్ముళ్ళూ, దీని జోలికే పోకండి. ఆ వీసా మీకు స్పాన్సర్ చేసిన కంపెనీ పని కోసమే. సొంతంగా ఆర్డర్లు పట్టి డబ్బులు పుచ్చుకుంటే అది అనుమతి లేని పని కిందికొస్తుంది. ఈఏడీ లేని హెచ్4 వాళ్ళకీ అంతే. చిన్న మొత్తమే కదా, ఫ్రెండు పంపినట్టు పంపిస్తాడులే అనే తెలివితేటలు వద్దు. పదేళ్ళుగా గ్రీన్‌కార్డు లైన్లో నిలబడి, రంగు బొమ్మల కోసం పోగొట్టుకుంటారా? నేను కార్డు చేతికొచ్చాకే మొదలెట్టాను, ఆ ఒక్క తెలివైనా ఉన్నందుకు సంతోషం.

ఇప్పుడు నా పద్ధతి రెండే రకాలు. నా టేబుల్ మీద నాతో ఆడేవాళ్ళకి, వాళ్ళ పిల్లలకి ఊరికే వేసిస్తాను, ఆర్డర్లా కాదు, నాకిష్టమైనప్పుడు, నాకిష్టమైన రంగుల్లో. బేరానికి వచ్చేవాడు ఎవడూ "ఫలానావాడు పుట్టినరోజుకి ఊరికే ఇచ్చాడు" అని ఆవిడ రేటు తగ్గించమని అడగలేడు. కాదూ, డబ్బులిస్తాను అంటే ఆవిడ రేటే నా రేటు. ఆ మధ్యలో ఉండే "ఏదో రంగుల ఖర్చులివ్వండి చాలు" అనే ధర్మప్రభువు వేషం మానేశాను. చూడ్డానికి అది ఎంత మంచితనంగా కనిపిస్తుందో, చేసే పాడు అంత.

పులిహోర తిన్నాక ఆ మహానుభావుడు మళ్ళీ నా దగ్గరికే వచ్చాడు, వాళ్ళ మేనేజరుకి ఒక సైన్యం ఉందట, 40 బొమ్మలు, "మనవాడివి కాబట్టి ఓ నాలుగొందలకి చేసెయ్" అన్నాడు. నాతో అయితే పదహారొందలు, సగం ముందు అన్నాను. నవ్వాడు, జోకనుకున్నట్టున్నాడు. ఆవిడ నంబరు కూడా ఇచ్చాను. ఇంతవరకూ ఇద్దరిలో ఎవరికీ ఫోను రాలేదు.