ప్రశ్న ఉదయించదు

శాసనసభ సమావేశాలు దగ్గరపడ్డాయంటే తహసీల్దారు ఆఫీసుల్లో ఒక కేక వినిపిస్తుంది: ‘ఎల్‌ఏక్యూ వచ్చింది!’ ఎవరో ఎమ్మెల్యే వేసిన ప్రశ్న సచివాలయంలో బయల్దేరి, శాఖాధిపతి మీదుగా కలెక్టరుకు, ఆర్డీవోకు, చివరికి మండలానికి దిగుతుంది. సాయంత్రంలోగా వివరాలు పైకి పోవాలి. ఏళ్లుగా తాళం తీయని బీరువాలు ఆ రోజు తెరుచుకుంటాయి. అసైన్‌మెంటు రిజిస్టరులో పేజీలున్నాయో, చినిగాయో తేలుతుంది. సభలో మంత్రిగారు చదివే రెండు ముక్కల కంటే, ఆ రెండు ముక్కల కోసం కింద జరిగిన ఈ కదలికే నాకు విలువైనదిగా అనిపిస్తుంది. టీవీలో మనకు కనబడేది మాత్రం మైకు కోసం కొట్లాట.

చట్టసభలో ప్రశ్న వేసే హక్కు మనకు 1892 కౌన్సిళ్ల చట్టంతో దక్కింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో భింగా రాజావారు మొదటి ప్రశ్న వేశారు. క్యాంపుకొచ్చిన దొరలకు సరుకులు సమకూర్చలేక పల్లెల్లో దుకాణదారులు పడే అవస్థ గురించి అడిగారాయన. జమీందారు అయ్యుండీ ఊరి కొట్టువాడి గోడుతో మొదలుపెట్టారు. జవాబు నచ్చకపోతే తిరిగి అడిగే వీలు అప్పట్లో లేదు. అనుబంధ ప్రశ్న 1909లో గానీ రాలేదు.

ఇప్పుడా వీలుంది. వాడుకోవడానికి మాత్రం ఒడుపు కావాలి. మన సభల్లో ప్రశ్నలు చాలావరకు ‘ఫలానా సంగతి నిజమేనా? నిజమైతే ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి?’ అన్న అచ్చులోనే ఉంటాయి. జవాబు కూడా అచ్చులోంచే వస్తుంది. (అ) కాదండీ. (ఆ) ప్రశ్న ఉదయించదు. మొదటి ‘కాదండీ’తో కింది ప్రశ్నలన్నీ కట్టకట్టుకుని కూలిపోతాయి. అనుభవమున్న సభ్యుడు తన ప్రశ్నను ‘నిజమేనా’ మీద నిలబెట్టడు.

భూమి సంగతే చూడండి. ‘భూసంస్కరణలకు ప్రభుత్వం కట్టుబడి ఉందా?’ అంటే మంత్రి లేచి ఉపన్యసిస్తారు, వెనక బల్లలు మోగుతాయి, అంతటితో సరి. అలా కాక, 1973 భూపరిమితి చట్టం కింద ఫలానా మండలంలో మిగులుగా తేలిందెంత, స్వాధీనమైందెంత, పంచిందెంత, కోర్టుల్లో చిక్కుకున్నదెంత, పంచినదాంట్లో ఇవాళ పట్టాదారు సాగులో ఉన్నదెంత అని అడిగితే అంకెలు చెప్పక తప్పదు. ఆ అయిదు అంకెలూ ఒకదానికొకటి పొంతన కుదరవు. కథంతా ఆ సందుల్లోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో మిగులుగా తేలింది 8 లక్షల ఎకరాలకు కాస్త తక్కువ. పంచింది 6 లక్షలకు లోపే. అయిదుగురున్న కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు ఉంచుకోవచ్చన్నది చట్టం. డిక్లరేషన్లు వేసేలోపే బంధువుల పేర్లకూ పాలేర్ల పేర్లకూ ఎక్కిన భూమి ఈ లెక్కల్లోకే రాలేదు. దీనికి పూనుకున్న పీవీ నరసింహారావు 1973 జనవరిలో ముఖ్యమంత్రి పదవి పోగొట్టుకున్నారు. పైకి చెప్పిన కారణం ముల్కీ తీర్పు, జై ఆంధ్ర ఉద్యమం. భూస్వాముల కడుపుమంట కూడా అందులో కలిసిందన్నది చాలామంది మాట, నాదీ అదే.

అయిదో అంకె అన్నిటికంటే చేదు. అసైన్డ్ భూములు చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు. 2006లో నివేదిక ఇచ్చిన కోనేరు రంగారావు కమిటీ చెప్పిందేమిటి? చాలాచోట్ల పట్టా పేదవాడి దగ్గరుంది, పొలం ఇంకొకరు దున్నుతున్నారు. ఆ కమిటీ 104 సిఫార్సులు చేసింది. వాటిలో ఎన్ని అమలయ్యాయని ప్రతి సమావేశంలోనూ ఒక్కరు అడిగినా చాలు, ఒక ఫైలు బతికే ఉంటుంది.

గన్నవరం నుంచి మూడుసార్లు గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య సైకిలు గురించి మనమందరం చెప్పుకుంటాం. ఇల్లెందు నుంచి అయిదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య ఆర్టీసీ బస్సు ప్రయాణాలూ అంతే. వాళ్లు సభకు ఎలా వచ్చారన్నది కథలుగా నిలిచింది. వచ్చాక ఏమడిగారన్నది ఎవరికీ గుర్తులేదు. సుందరయ్య లెక్కల కాగితాలు, నీటి ప్రణాళికలు ముందేసుకుని మాట్లాడే మనిషి. ఆ కష్టాన్ని నేర్చుకోవడం కంటే సైకిలుకు దండం పెట్టడం సులువు.

బడుల విషయంలోనూ ఇంతే. ‘నాణ్యమైన విద్య’ గురించి అడిగితే నాణ్యమైన ఉపన్యాసం దొరుకుతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుండాలి. ఒక్కరితోనే నడుస్తున్న బడులెన్ని? రెండో పోస్టు మంజూరై కూడా, ఆ టీచరును డెప్యుటేషన్ మీద వేరేచోటికి పంపిన బడులెన్ని? ఉన్న ఒక్కరూ సెలవు పెట్టిన రోజున తాళం తీసిందెవరు?

సంస్కృతి పద్దు దగ్గరికొస్తే మన సభ్యులకు విగ్రహాలు, ఉత్సవాలు, పేరు మార్పులు తప్ప తోచవు. నాకైతే ఒకే ఒక ప్రశ్న వినాలని ఉంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు పడుతుంది. పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు దగ్గర లోటేమీ లేదు. జమ దగ్గరే చేయి వెనక్కి పోతుంది, ఆ సొమ్ము వీధి దీపాలకో జీతాలకో సర్దుబాటవుతుంది. శాఖా గ్రంథాలయం మాత్రం పేపరు బిల్లు కట్టలేక, కొత్త పుస్తకం కొనలేక, కారే కప్పు కింద పోటీ పరీక్షల పిల్లలను కూర్చోబెడుతుంది. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ సంఘం కట్టుకున్నవాళ్లం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం నిలబెట్టినవాళ్లం. గ్రంథాలయోద్యమంలో పెరిగిన వావిలాల గోపాలకృష్ణయ్య సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు సభలో కూర్చున్నారు. ఏ మున్సిపాలిటీ ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది, ఎంత బకాయి పడింది? రెండు రాష్ట్రాల్లోనూ ఆ చట్టమే నడుస్తోంది కాబట్టి ఈ ప్రశ్న రెండు సభల్లోనూ చెల్లుతుంది.

అడిగేవాళ్లు సభలో ఉండాలి కదా. ఈ మధ్య కాలంలో మన శాసనసభలు ఏడాదిలో నెల రోజులు కూర్చుంటే అదే గొప్ప. ఆ కాసిని రోజులకూ రామని ఒట్టు పెట్టుకోవడం ఆంధ్రప్రదేశ్‌లో ఆనవాయితీ అయింది. 2017లో వైఎస్సార్‌సీపీ వెళ్లిపోయింది, 2021లో చంద్రబాబు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని వెళ్లారు, 2024 తర్వాత మళ్లీ వైఎస్సార్‌సీపీ బయట ఉంది. తెలంగాణలో 2023 ఓటమి తర్వాత కేసీఆర్ సభకు వచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అవమానం జరిగిందంటారు. జరిగే ఉండవచ్చు. కానీ ఓటేసినవాడి పింఛను ఎందుకు ఆగిందో అడగాల్సిన గంట కూడా ఆ అలకలోనే పోయింది.

సమాచార హక్కు ఉందిగా, ఎమ్మెల్యే ఎందుకు అనేవారున్నారు. 2005 చట్టంలోని 8(1)(జె)లో ఒక గొప్ప వాక్యం ఉండేది: పార్లమెంటుకో శాసనసభకో కాదనలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ కాదనకూడదని. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ క్లాజును తిరగరాయడంతో ఆ వాక్యం కాస్తా ఎగిరిపోయింది. లబ్ధిదారుల పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని తోసిపుచ్చడం ఇకపై ఇంకా తేలిక. పౌరుడికి మూసిన తలుపు సభ్యుడికి తెరిచే ఉంది.

అందుకే నాదొక ప్రతిపాదన. అభ్యర్థులు నామినేషనుతో పాటు ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు రాసిచ్చే అఫిడవిట్‌లో, మళ్లీ పోటీ చేసే సభ్యులకు ఇంకొక పేజీ కలపాలి. అయిదేళ్లలో వేసిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు, సభకు రాని రోజులు అందులో రాయాలి. అడిగే పని లేని మంత్రులైతే సభకిచ్చిన హామీలెన్ని, వాటిలో హామీల కమిటీ దగ్గర ఇంకా తేలనివెన్ని అని రాసిస్తే సరిపోతుంది.